దబ్బనం

ఆదోనిలో సగం పెండ్లిండ్లకు
పరుపు మా అంగడి నుంచే పోతాది.
దూది ఏకేది మిషను, కుట్టేది మేము,
నేనూ, మా ఇంటాయన హుసేనప్పా.

కొనేటోళ్లు వస్తారు.
పెండ్లికొడుకు మేనమామ పరుపును పిడికిలితో గుద్ది
"గట్టిగా కుట్టబ్బీ, ఏడాది తిరక్కముందే ఉయ్యాల కావల్ల" అంటాడు.
అందరూ నగుతారు.
పెండ్లికూతురి తల్లి మాత్రం
అంచు కుట్లు వేలితో తడుముకుంటా
ఏమీ అనదు.

మా ఇంట్లో పరుపు లేదు.
ఒకటే గది, నాపరాయి నేల,
మధ్యన నా పాత చీర అడ్డం.
ఆ పక్క మా అత్త దగ్గు.
ఈ పక్క చాప,
చీకట్లో ఒక చెయ్యి.
ఆ చేతికి మాటలు రావు.
పగలు చూడని కండ్లకు
రాత్రి చూడాల్సిన పనేముంది?

పగలు చూస్తే ఏమంటారో ఆయనకు తెలుసు.
పెండ్లయిన కొత్తల్లో ఒకసారి
బోరింగు కాడ నా బిందె ఎత్తి పెట్టినాడు.
సాయంత్రం టీ బంకులో
"ఏంరా, కొంగుకు ముడేసి తిప్పుతాందంటనే" అన్నారంట.
అంతే.
పదకొండేండ్లు నా బిందె నేనే ఎత్తుకున్నా.
దస్తగిరమ్మ అనే పేరు
ఆయన నోట్లో "ఓయ్" అయిపోయింది.

నాకు చెప్పేటోళ్లు లేక కాదు.
మొగోడు ఆకలితో వస్తే తట్ట ముందర పెట్టల్ల, అనింది మా పెద్దమ్మ.
కండ్లు మూసుకో, పప్పులో ఉప్పేసినానా లేదా అని తలుచుకో,
అంతలో అయిపోతాది, అనింది ఈరమ్మ.
తలుచుకున్నా.
పప్పు, ఉప్పు, పాల బాకీ, పిల్లోని ఫీజు.
అయిపోయేది.

మొన్న ఎండాకాలంలో ఒక రాత్రి
"వద్దు" అన్నా.
ఎందుకన్నానో నాకే తెలీదు,
గట్టిగా కూడా అనలే.
ఆయన అడగలే.
లేచి, అంగడికి పోయి
దూది మూటల మీద పండుకున్నాడు.
తొమ్మిది రాత్రులు.
అత్త సట్టికి గంటె కొట్టి కొట్టి వడ్డించింది.

పదో రోజు ఎమ్మిగనూరు ఆర్డరు. డబుల్ కాట్.
అంత పరుపు ఒక్కరితో కాదు.
నిలబెట్టి, ఆ పక్క నుంచి ఆయన దబ్బనం గుచ్చల్ల,
ఈ పక్క నుంచి నేను లాగి తిరగ్గుచ్చల్ల.
మధ్యన జానెడు దూది.
ఆయన చెయ్యి నాకు కనపడదు, నాది ఆయనకు.
మాట్లాడకుంటే కుట్టు పడదు.
"లాగు."
"ఉండు."
"ఇంగ కొంచెం."
"చాలు."

అట్లా గుచ్చినప్పుడు ఒకటి నా బొటనేల్లో దిగింది.
అరవలే.
దారం తిరిగి రాలేదని పైనుంచి వంగి చూసినాడు.
శోభనం పరుపు మీద
పెండ్లికి ముందే ఎర్ర చుక్క.

"నొప్పా?" అన్నాడు.

లెక్కబెట్టుకున్నా.
ఆ మాట నన్నడగడం ఇదే మొదలు.
పిల్లోడు పుట్టినప్పుడు కూడా మంత్రసానిని అడిగినాడు.
"ఈ ఏలు కాదు" అన్నా.
అంతకుమించి నాకూ రాలే.
ఫ్యాను గాలికి దూది నూగు తిరుగుతా ఉండాది.
చానాసేపటికి పరుపు అవతల నుంచి
"నాకెవురూ చెప్పలేదు దస్తగిరీ" అన్నాడు.

ఆ రాత్రి ముట్టుకోలే.
చాప మీద వెల్లకిలా పండుకొని మాట్లాడినాం.
మా పెండ్లి రాత్రి దోస్తులు తలుపు బయట పందెం కట్టినారంట.
ఓడిపోతానేమో అని భయమేసిందంట.
ఇన్నేండ్లూ చెయ్యి అని నేననుకున్నది
ఆ భయమే.

చీరకవతల అత్త దగ్గింది.
అది దగ్గు కాదని ఇద్దరికీ తెలుసు.
ఎప్పుడూ ఆ దగ్గుకు రాయైపోయేటోడు
లేచి, చీర పక్కకు తీసి,
"నీళ్లు కావల్నామా?" అన్నాడు.
అత్త వద్దనింది.
వచ్చి పండుకొని
"యాడ దాకా చెప్పినా?" అన్నాడు.

పొద్దున్నే పరుపు ఆటో ఎక్కింది.
చుక్క మీద గుండీ కుట్టినా, కనపడదు.
పండుకోబోయే పిల్ల పేరు తెలీదు,
బిల్లులో వాళ్ల నాయన పేరే ఉండాది.

బిందె తీసుకొని బోరింగు కాడికి పోయినా.
ఆయన గడప దాకా వచ్చినాడు.
వీధి ఈ పక్క చూసినాడు, ఆ పక్క చూసినాడు,
మళ్లీ లోపలికి పోయినాడు.
రేపు చూద్దాం.